బొత్తాల మేస్త్రి

అక్కా,

నేను క్షేమం అని రాయను. నిన్న మీ పరీక్ష గదిలోంచి బయటికొచ్చినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను అరుస్తాను. అందుకే కాగితం.

మీ సంగీత పాఠశాలలో కీబోర్డు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టకముందే నీకు తెలుసు, నేను తెచ్చేది అరేంజర్ కీబోర్డేనని. ఎడమ చేత్తో మూడు మెట్లు నొక్కి పట్టుకుంటే డ్రమ్ములూ, బేసూ, గిటారూ వాటంతటవే ఆ స్వరాల వెంట నడుస్తాయి. కుడిచేత్తో నేను పాట వాయిస్తాను. అది నచ్చకపోతే ఆరోజే చెప్పాల్సింది. అలా చెప్పకుండా ముగ్గురు పరీక్షకుల్లో ఒకతెగా కూర్చుని, రెండు నిమిషాలైనా వినకుండా, "ఏవండీ బొత్తాల మేస్త్రి గారూ, ఆ మేళాన్ని ఇంటికి పంపించేసి మీరొక్కరే వాయించండి" అన్నావు. మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నావు.

ఆ మేళం పెట్టెతో పాటు వచ్చింది కాదక్కా! ప్రతి దెబ్బా నేను వేలితో వాయించి ఎక్కించాను. మూడు నెలలు పట్టింది. నలభై మందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కర్ర ఊపేవాడు విద్వాంసుడా? అదే పని పది వేళ్లతో చేసేవాడు మేస్త్రీనా? పదకొండేళ్లుగా హోటల్ హాళ్లలో జనం నా వాయిద్యానికి లేచి ఆడుతున్నారు. వాళ్లకి చెవుల్లేవా?

అసలు మంట ఇది కాదు. మేళం ఆపాక ఏం జరిగిందో నీ ఒక్కదానికే తెలుసు. నా ఎడమ చెయ్యి ఆగిపోయింది. వాళ్లిద్దరూ కంగారనుకున్నారు. ఇన్నేళ్లూ నొక్కి పట్టుకోవడమే దాని పని. నడవమంటే ఎటు నడవాలో దానికి తెలియలేదు. చిన్నప్పుడు పియానో ముందు నువ్వు పట్టుకుని నడిపించిన చెయ్యే అది. నువ్వు చూశావు, చూసి కళ్లు దించుకున్నావు. ఆ జాలి నాకొద్దు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. మీ స్కూలు గడప తొక్కను.

మాట పడ్డ
నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

కోపం చల్లారాక చదువు. చల్లారకపోయినా చదువు.

నీ ఉత్తరం చూసి నాకూ ఒళ్లు మండింది. అంత గొప్పదేమిటో చూద్దామని, మా గదిలో మూలపడున్న అలాంటి పెట్టెనే దించి, దుమ్ము దులిపి, తలుపేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్న పాటే మొదలుపెట్టాను. నాలుగు వరుసలు సాగలేదు. చరణం చివర ఎప్పట్లాగే స్వరాన్ని కాస్త సాగదీశాను. డ్రమ్ము నన్ను వదిలేసి వెళ్లిపోయింది. మళ్లీ వాయించాను, మళ్లీ వెళ్లిపోయింది. మధ్యాహ్నమంతా దానితో పోట్లాడి, చివరికి మా డ్రమ్ము మాస్టారిని పిలిచి, "నేను తాళం సాగదీస్తానా?" అని అడిగాను. ఆయన నేలచూపులు చూసి, "మీకోసం ఆగడం మాకందరికీ అలవాటేనండీ" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్లుగా పక్కవాళ్లంతా నాకోసం ఆగుతుంటే, తాళమంటే నేనేననుకున్నాను. నీ పెట్టె ఎవరికోసమూ ఆగదు. దానితో పదకొండేళ్లు తప్పకుండా నడవడం మాటలు కాదురా. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. ఆ అమ్మను నేనే.

అలాగని ఉద్యోగం వచ్చేసిందనుకోకు. పరీక్ష రోజున నీ పేరు పక్కన "తగడు" అని రాసి, "ఇది వాయిద్యం కాదు" అని కారణం చూపించాను. ఇవాళ పొద్దున ఆ ఇద్దరు పరీక్షకుల ఎదుటా, నేను అన్న మాట తప్పని ఒప్పుకుని, ఆ కారణం కొట్టేశాను. "ఎడమ చెయ్యి ఇంకా రాలేదు" అని రాసి సంతకం పెట్టాను. "తగడు" అన్నది కొట్టెయ్యలేదు. నిన్ను చూసి జాలిపడితే కొట్టేసేదాన్నే.

రెండు నెలల్లో మళ్లీ పరీక్ష ఉంది. పెట్టె తెచ్చుకో, ఎవరూ నవ్వరు. అప్పటిదాకా నా మీద కోపంగా ఉంటే ఉండు. ఇప్పుడు దానికి సరైన కారణమే ఇచ్చాను.

తాళం తప్పిన
నీ అక్క