రెండు మూతల మందు

1998 నవంబరు 17, మంగళవారం

ఎడమ కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. తల వంచి రాస్తుంటే పోటు పెడుతోంది.

పొద్దున వ్యవసాయ కాలేజీ వరండాలో పిల్లలకు పాఠం చెబుతుంటే మిరప రైతు కోటేశ్వరరావు వచ్చి, మాడిన మిరప మొక్కల కట్ట నా ముందు పడేశాడు.

"ట్యాంకుకు రెండు మూతల పురుగుమందన్నారుగా సార్! రెండంటే రెండే పోశా. ఇదిగో, ఈ మూతతోనే! మూడెకరాల తోట మాడి మసైపోయింది."

"ఎక్కువ పోసుంటావయ్యా" అన్నాను.

అంతే, చేతిలోని స్ప్రేయరు గొట్టంతో నా మొహం మీద కొట్టాడు. నేను పడిపోగానే పిల్లలు అతని మీద పడ్డారు. "ఒరేయ్, మా సార్నే కొడతావా!" అంటూ కర్రలతో బాదారు. ఆపమని అరిచాను. అతని కుడిచెయ్యి విరిగిన చప్పుడు విన్నాక గానీ ఆగలేదు.

చదువురాని రైతుల కోసం, సీసా మూతతోనే మందు కొలిచే ఆ లెక్క కనిపెట్టింది నేనే. డిగ్రీ లేని నన్ను ఈ కాలేజీ పాలకవర్గ అధ్యక్షుణ్ణి చేసిందీ అదే.

సాయంత్రం అతని మూత వరండా మూలలో దొరికింది. ల్యాబులో నీళ్లు పోసి కొలిచాను. పాత మూతకు ఐదు మిల్లీలీటర్లు పట్టేవి. దీనికి పన్నెండు. మూడుసార్లు కొలిచినా పన్నెండే. కంపెనీ సీసా మార్చిన సంగతి నేను చూసుకోలేదు.

కోటేశ్వరరావు ఆసుపత్రిలో ఉన్నాడు. రేపు ఎస్.ఐ. వస్తాడు. "తాగొచ్చి కొట్టాడని రాసిచ్చేయండి సార్, మన పిల్లలు బయటపడతారు" అంటున్నాడు కాలేజీ సెక్రటరీ. మూత నా జేబులోనే ఉంది.

వరండా బోర్డు మీద పొద్దుటి పాఠం అలాగే ఉంది. ట్యాంకుకు రెండు మూతలు. తుడవకుండానే వచ్చేశాను...