మేడమీద వాటాకు గ్యాస్ పైపు

ఏలూరు, గురువారం

మేడమీది గదులను వేరే వాటాగా మార్చే పని ఈరోజుతో పూర్తయింది. కింది నుంచి గ్యాస్ పైపు పైకి ఎక్కించారు. ఫిట్టర్ సంచి సర్దుకుంటుంటే ఆపి, ప్రతి అతుక్కీ సబ్బునురగ రాసి చూపించమన్నాను.

"గేజి పెట్టి చూశానండీ మామ్మగారూ."

"నువ్వు చూశావు బాబూ. నేను చూడలేదుగా."

మెట్ల మలుపులోని అతుకు దగ్గర బుడగ లేచింది. మళ్లీ సంచి విప్పి బిగించాడు. ఆ తర్వాత నాకు రోజంతా హుషారే.

కాకపోతే, పొయ్యి వేరైతే మనుషులూ వేరవుతారని పక్కింటి రత్నంగారు రెండుసార్లు అన్నారు. ఒకే వంటింట్లో నేనూ కోడలు సునీతా రోజూ వాదించుకుంటున్నామని వేరే పొయ్యి పెట్టించింది నేనే. అయినా ఆ మాట మనసులో ఉండిపోయింది. సాయంత్రం కింద వంటిల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

ఏడున్నరకు సునీత గిన్నె పట్టుకుని దిగివచ్చింది. కొత్త పొయ్యి మీద మొదటి వంట, కొరమేను పులుసు.

"ఉప్పు చూడండి అత్తయ్యగారూ. మీరు చూడందే మీ అబ్బాయికి కూడా వడ్డించనండీ."

ఉప్పు సరిగ్గా సరిపోయింది. చిటికెడు తగ్గిందని చెప్పాను. అయితే రేపు కూర కూడా తెచ్చి చూపిస్తానంది.