నాన్న చెప్పిన ‘నాదే’

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావగారికి దగ్గు తగ్గింది, చిరాకే ఇంకా తగ్గలేదు. నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను.

నీ క్లాసులో పిల్లలకు చెప్పడానికి, నాన్న చెప్పిన ఇంగ్లీషు మాటల పుట్టుకలు అడిగావు. గుర్తున్నంత రాస్తాను. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది, చెవిమీద ఎర్ర పెన్సిలు తీయడం కూడా మరిచిపోయి భోజనానికి కూర్చునేవాడు కదా! “వెరీ అంటే మొదట్లో ‘చాలా’ కాదర్రా, ‘నిజమైన’ అని. జనం దాన్ని గట్టిగా చెప్పడానికి వాడి వాడి అరగదీశారు” అనేవాడు. యాక్సెంట్ అన్న మాట లాటిన్‌లో పాటలోంచి వచ్చిందని చెప్పిన రోజు, నువ్వు “అమ్మా, మజ్జిగ” అని రాగం తీశావు. ఒత్తి చెప్పడాన్ని ఎంఫసిస్ అంటారు కదా, అది గ్రీకు మాట, లోపలున్నదాన్ని కనబడేలా చేయడమట. “అయితే అరవక్కర్లేదన్నమాట” అని అమ్మ నాన్నని ఎత్తిపొడిచింది. ఆయన గొంతు తగ్గించింది ఆ ఒక్క పూటే.

ఇక నీ రెండో ప్రశ్న. “ఆనాటి ఉత్తరంలో నాన్న సగం తప్పు నా మీద పెట్టాడే, మనస్ఫూర్తిగానే అంటావా అక్కా?” అని రాశావు. వారం రోజులుగా ఆ వాక్యం దాటి ముందుకు పోలేకపోతున్నాను.

ఆ రోజు నేనూ ప్రెస్సులోనే ఉన్నాను, బైండింగు బల్ల దగ్గర. ఇంగ్లీషు గ్రామరు పుస్తకంలో ఏ మాటని ఎక్కడ ఒత్తి పలకాలో చూపే గుర్తులు ఒక పేజీ నిండా తారుమారయ్యాయి. టైపు పేర్చింది నువ్వు. అనుమానమొచ్చి ముందే నాన్నని అడిగావు కూడా. ఆయన చూడకుండానే “సరిగ్గానే ఉందిలే, కానివ్వు” అన్నాడు. కాపీలన్నీ అచ్చయ్యాక యజమాని “ఎవడు పేర్చాడిది?” అని కేకేస్తే మాత్రం నాన్న నోరు విప్పలేదు. నువ్వు చేతులు తుడుచుకుని ఇల్లే వదిలి వెళ్లిపోయావు.

ఏడాది గడిచింది. అమ్మ మంచం పట్టినా నీ దగ్గర్నుంచి కార్డు ముక్క లేదు. నాన్నకు చూపు ఆనడం మానేసింది. ఒక మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి నీకు ఉత్తరం రాయించాడు.

“తప్పు నాదే అని రాయమ్మా. నాది అని కాదు, నాదే.”

అమ్మకు చాకిరీ అంతా నా ఒక్కదాని నెత్తిన పడిందన్న కోపం నాకు. ‘తప్పు నాది కూడా’ అని రాశాను.

“ఏదీ, చదువు” అన్నాడు. ‘తప్పు నాదే’ అని చదివాను. కాగితం అంచు తడుముకుని సంతకం పెట్టాడు.

మూడేళ్లకు నువ్వొచ్చావు. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. నువ్వు వెళ్లాక నాన్న, “చూశావా, ఆ ఊసే ఎత్తలేదు. వాడు నన్ను క్షమించేశాడు” అన్నాడు. నేను తలూపాను, ఆయనకు కనబడదని తెలిసి కూడా.

ఆయన పోయి ఇన్నేళ్లయినా ఇది ఎవరికీ చెప్పలేదు. ఆయన అన్న మాట ఆయన అన్నట్టుగానే నా నోటితో నీకు చెప్పాలి. ఈ ఉత్తరం అందిన మర్నాడు నేను మీ ఊళ్లో బస్సు దిగుతాను. తలుపు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం.

ఇట్లు,
నాన్న మాట మార్చి రాసిన
నీ అక్క