చెవులున్న పిట్టలు

మా బంగారు తల్లికి నాన్న దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమే అనుకుంటున్నాను. ప్రతి ఉత్తరంలోనూ ఈ ముక్క రాస్తూనే ఉంటాను గానీ ఈసారి అలవాటుకొద్దీ రాసింది కాదు తల్లీ, తెలిసే రాశాను. ఎందుకంటే ఈ రోజు పొద్దున పదింటికి మీ అమ్మ "అబ్బా!" అంది.

ఏముంది ఇందులో అనుకుంటావేమో. ఏముందా! ఏడు నెలలుగా స్పర్శ లేని ఎడమ చేతికి సూది గుచ్చుకుంటే అంది! నలభై మూడేళ్ళ కాపురంలో ఆవిడ నోట ఎన్నో మాటలు పడ్డాను గానీ ఇంత తియ్యని మాట వినలేదు. వెంటనే నీకు చెప్పెయ్యాలనిపించింది. ఫోన్ చేద్దామంటే మన గోడల సంగతి నీకు తెలుసుగా, నేనిక్కడ దగ్గితే పై వాటావాళ్ళు మందు చెబుతారు. పైగా ఇందులో నోటితో చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. అందుకే కాగితం తీశాను. తప్పులుంటే నువ్వే దిద్దుకో. సంచుల మీద నంబర్లు వేసినంత మటుకే కదా మన చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు బాగానే ఉంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం నేనున్నానంటూ పలకరిస్తుంది. నువ్వు పంపిన ఊలు టోపీ పెట్టుకుంటున్నాను, అద్దంలో చూసుకుంటే కోడిగుడ్డుకి చొక్కా తొడిగినట్టున్నాను. అమ్మ మాత్రలు వేళకి వేసుకుంటోంది. ఇదెందుకు, అదెందుకు అని అడగదు. అన్నం తింటోందా అన్నావు. తింటోంది. మొన్న కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను, అదీ తినేసింది. ఒకప్పుడు ఉప్పు రవ్వ తగ్గితే ఆ పూట ఇంట్లో ఎలా ఉండేదో నీకు తెలుసు. ఇప్పుడు కంచం ఖాళీ చేసి లేచిపోయింది. నేనొక్కణ్ణే కూర్చుని ఆ చప్పటి కూర తిన్నాను.

దిగులుగా ఉంటోందా అని అడిగావు. దిగులైనా బాగుండేదమ్మా, ఓదార్చడానికి నాకో పని దొరికేది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటుంది. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంటుంది, పక్కింటివాళ్ళు ఊరెళ్తూ కాస్త చూస్తూ ఉండమని అప్పజెప్పిన సామానులాగా. వాన వస్తే "వాన" అంటుంది. ఆగిపోతే అదీ అనదు.

అందుకే, సెలవులకి మీ లైబ్రరీ కిటికీలకి కట్టడానికి గుడ్డ పిట్టలు కావాలని నువ్వు రాసినప్పుడు నేను ఎగిరి గంతేశాను. వ్యాయామాలు చేయించే అమ్మాయి కూడా మంచిదే అంది. పక్షవాతం అన్న మాటలోనే పక్షి ఉంది, పక్షుల్ని కుడితే అది ఎగిరిపోతుందని నేనో పెద్ద కనిపెట్టుడు కనిపెట్టాను. ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. మీ అమ్మ మాత్రం "ఊఁ" అంది. అయినా తెల్ల ఫ్లానెల్ గుడ్డ ముందేసుకుని, అట్ట ముక్క పెట్టి గీసి, పిట్టలు కత్తిరించింది. కుడి చేత్తో గీత ఎంత సొగసుగా వచ్చిందనుకున్నావు!

ఇక నీ చివరి ప్రశ్న. "పన్నెండు పిట్టలూ కిటికీల్లో కట్టాం, అందరూ అమ్మ పనితనం మెచ్చుకుంటున్నారు. అది సరే నాన్నా, తోక కింద రెండేసి చిన్న చెవులెందుకున్నాయి? పిల్లలు అడుగుతున్నారు" అని రాశావు. ఆ ప్రశ్న దగ్గరికే వస్తున్నాను. కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నాను.

ఆ ఉత్తరం నేను మీ అమ్మకి పైకి చదివి వినిపించాను. కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని, మెచ్చుకున్న చోట రెండుసార్లు చదివాను. అదే ఊపులో "తోక కింద రెండేసి చిన్న చెవు..." దాకా వెళ్ళిపోయి ఆగాను.

"ఏమన్నారు?" అంది.

"ఏం లేదు. అందరినీ అడిగానని చెప్పమంది."

"చెవులా? పిట్టకి చెవులేమిటండీ?"

నేను కాగితం మడతపెట్టాను. మీ అమ్మ నా వేళ్ళకేసి చూసింది. తర్వాత మెల్లగా అంది, "మోసుకెళ్ళడానికి వీలుగా ఉంటుందనా?"

తల్లీ, ఆ పన్నెండూ కుట్టింది నేను.

మీ అమ్మ కుట్టలేదని కాదు. కుట్టింది. కానీ పిట్టను పట్టుకోవలసింది ఎడమ చెయ్యి కదా. చూపు కాస్త పక్కకి పోతే చాలు పట్టు జారిపోయేది, కుట్టు ఎటో వెళ్ళిపోయేది. సూది వేలికి దిగినా తెలిసేది కాదు. తెల్ల గుడ్డ మీద ఎర్ర చుక్క కనిపిస్తే అప్పుడు చూసుకునేది. "ఓహో" అనేది. ఆ "ఓహో" నేను వినలేకపోయాను. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసినప్పుడు వెనక గదిలో కూర్చుని, ఆ కుట్లన్నీ విప్పి, గుడ్డ ఉతికి, మళ్ళీ కుట్టి, దూది కూరి, ఏమీ ఎరగనట్టు బుట్టలో పెట్టేవాణ్ణి. లేచాక పైపైన చూసి "పర్వాలేదే" అనుకునేది. నేను కూడా "చూశావా, చెయ్యి దారిలో పడుతోంది!" అనేవాణ్ణి. ఆవిడ నమ్మింది. నీకూ అలాగే రాశాను.

చేసిన మోసం పూర్తిగా చేశానా, అదీ లేదు. దూది కూరాక తోక కింద మూతి కుట్టాలి. ముప్పై ఏళ్ళు గోనె సంచుల మూతులు కుట్టిన చెయ్యి ఇది. సంచి మూతి కుట్టి ముగించేటప్పుడు రెండు మూలలా కాస్త గుడ్డ బయటికి లాగి, దారం చుట్టి చెవులు వదులుతాం, ఎత్తేవాడికి పట్టు దొరకాలని. అరచేతిలో పట్టే పిట్టకి కూడా ఆ చెవులు వదిలేశాను. పన్నెండింటికీ! నాకు తెలియనే లేదు.

మీ అమ్మ తిడుతుందని తలుపు దగ్గరే నిలబడ్డాను, తిట్టలేదు. బుట్ట తీసుకెళ్ళి అలమర కింద పెట్టింది. ఎనిమిది రోజులు సూది ముట్టలేదు. "ఇంక కుట్టవా?" అని అడిగితే "మీరున్నారుగా" అంది. కోపంగా అంటే సంతోషించేవాణ్ణి. టైమెంతైందో చెప్పినట్టు చెప్పింది. వ్యాయామాల అమ్మాయి వస్తే చెయ్యి చాపింది, వంచమన్నచోట వంచింది. నా వల్లే ఈ మనిషి పూర్తిగా ఆగిపోయిందనుకున్నాను. ఆ ఎనిమిది రోజులూ నీకు ఉత్తరం రాయనిది అందుకే.

ఈ రోజు పొద్దున నేను గిన్నెలు కడుగుతున్నాను. తొంగి చూస్తే బుట్ట ఆవిడ ఒళ్ళో ఉంది. నీకు పంపిన పన్నెండూ పోగా మిగిలిన నా పిట్ట ఒకటి తీసింది. తిప్పి చూసింది. "ఇది పిట్టా, బస్తానా?" అంది, నాతో కాదు, పిట్టతోనే. కత్తెర తీసుకుని ఆ రెండు చెవులూ కోసేసింది. నా కుట్లన్నీ పీకేసి, దూది బయటికి లాగి, సూదిలో దారం ఎక్కించి మొదలుపెట్టింది. నేను పంపు కట్టేశాను, చప్పుడు కాకూడదని.

చాలాసేపటికి "అబ్బా!"

సబ్బు చేతులతో పరిగెత్తాను. "ఏమైంది?"

"గుచ్చుకుంది."

"ఏ చేతికి?"

మీ అమ్మ చూపుడు వేలికేసి చూసింది. నోట్లో పెట్టుకుంది, తీసి మళ్ళీ చూసింది. "దీనికే" అంది.

నేను గదంతా గెంతాను తల్లీ! మోకాలు ఎక్కడుందో కూడా తెలియలేదు! "మళ్ళీ గుచ్చి చూద్దామా?" అన్నాను.

"దగ్గరికొచ్చారంటే మీకు గుచ్చుతాను" అంది. నవ్వలేదు. "ఒక్క వేలేనండీ. అదీ కొసన. మిగతావి అలాగే ఉన్నాయి. ఊరంతా చాటకండి." తర్వాత అంది, "బయటికెళ్ళండి. మీరు గదిలో ఉంటే నేను కుట్టను. ఆ పన్నెండూ ఎవరు కుట్టారో దానికి రాయండి."

అందుకే మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో పీట పెట్టుకుని ఇది రాస్తున్నాను. నన్ను క్షమించిందో లేదో తెలియదు. అడిగే ధైర్యం లేదు. ఆ పిట్టల్ని దించెయ్యమందామా అంటే "దాని ఇష్టం" అంది. నీ ఇష్టమే అమ్మా. పిల్లలకి మాత్రం నిజం చెప్పు, మా నాన్నకి పిట్టలు కుట్టడం రాదని చెప్పు. నేనేమీ అనుకోను. ఇక మీదట ఈ ఇంటినుంచి వచ్చే పిట్ట వంకరగా ఉన్నా, చుక్క పడినా, అది మీ అమ్మదే. నా చెయ్యి దాని మీద పడదు.

ఇప్పుడే లోపల్నుంచి ఇంకో "అబ్బా" వినిపించింది. అదే వేలికో, ఇంకో వేలికో. లేచి వెళ్ళి అడగాలని ప్రాణం లాగేస్తోంది. వెళ్ళలేదు. కూర్చునే ఉన్నాను.

ఇట్లు,
తలుపు బయటినుంచి,
నీ నాన్న