నలభై ఒకటో తప్పు

మార్చి 3

పిట్టా, నీ డైరీలో ఫిబ్రవరి తొమ్మిది పొద్దుటి దాకా నీ అక్షరాలున్నాయి. ఆ తర్వాతంతా తెల్ల కాగితాలే. ఖాళీగా చూడలేక మీ అమ్మని, నేను రాస్తున్నాను. నాది ఐదో క్లాసు చదువు. వంకరగా ఉంటే నవ్వుకో.

ఇవాళ నీ ఆఫీసు కంప్యూటర్ తెరిచాను. పాస్‌వర్డ్ నాకు తెలుసు. నేను మిషను మీద తలొంచుకుని కుడుతున్నాననుకునేదానివి కానీ, నీ వేళ్లు చూసేదాన్ని. నా పేరే పెట్టుకున్నావు కదే.

మార్చి 5

నువ్వు తప్పులు పట్టే ఆకాశం సాఫ్ట్‌వేర్ ఇదన్నమాట. తెరంతా చీకటి, మధ్యలో భూమి. మౌస్ చక్రం మీద వేలు ఇలా ఆనించానో లేదో, భూమి బఠాణీ గింజంత అయిపోయింది. కంగారుపడి ఇంకోసారి తిప్పాను. అసలే లేదు. వెనక్కి రావడానికి బటన్ లేదు. గంటసేపు చుక్కల మధ్య దిక్కులేనిదానిలా తిరిగాను. చివరికి అడుగున, ఒక మూల, చీమంత ఇల్లు బొమ్మ కనపడింది. నొక్కితే భూమి దగ్గరికి తెచ్చింది. ఇల్లు బొమ్మని అక్కడ దాచిన మహానుభావుడు ఎవడో, వాడికి ఇల్లూ వాకిలీ లేవేమో.

మార్చి 6

ఏమీ రాయబుద్ధి కాలేదు.

మార్చి 9

మీ మామయ్యా నేనూ లాయర్ దగ్గరికి వెళ్లాం. నిన్ను గుద్దిన వ్యాను డ్రైవర్ పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించాడు. వంతెన మీద పడమటి వైపు పోతున్నాడట. ఎదురెండ కళ్లలో కొట్టిందట. ముందున్న నీ స్కూటర్ కనపడనే లేదట. అప్పుడు టైం సాయంత్రం ఐదూ యాభై. అది వంతెన కెమెరాలో ఉంది.

మీ మామయ్య ఊరుకోలేదు. ఎండ కొట్టిందో, ఫోను చూసుకుంటున్నాడో వాడికే తెలియాలి, తప్పు చేసిన ప్రతివాడూ సూర్యుణ్ణి సాక్ష్యం పిలిస్తే ఎలా సార్ అన్నాడు. ఎండ లేదని మనం చూపించగలిగితే వాడి మాట అబద్ధమని తేలిపోతుందమ్మా అన్నాడు లాయర్. ఇరవైనాలుగున కోర్టులో నేను కూడా మాట్లాడాలట.

మార్చి 11

పిట్టా, దొరికింది.

నీ సాఫ్ట్‌వేర్‌లో ఏ తారీకుకైనా పోవచ్చని నువ్వే చెప్పావు ఒకసారి. ఇవాళ కిందనున్న గడియారం పట్టుకుని వెనక్కి జరిపాను. ముందు వెయ్యేళ్లు వెనక్కి పోయింది. అంకెలు తిన్నగా కొట్టనివ్వదు, జారుతుంది. తంటాలు పడి ఫిబ్రవరి తొమ్మిదికి తెచ్చాను. వంతెన ఉన్న చోటు పెట్టాను. టైం ఐదూ యాభై. పడమటి వైపు తిప్పాను.

సూర్యుడు లేడు. నేలా ఆకాశం కలిసే గీత కిందికి దిగిపోయాడు. వెంట్రుకవాసి అయితేనేం, దిగిపోయాడు. పక్కన ఎత్తు అని రాసిన చోట మైనస్ గుర్తుంది.

మీ మామయ్య వచ్చి చూసి, దొరికాడక్కా దొంగ అని బల్ల మీద గుద్దాడు. ఫోటో తీసి లాయర్‌కి పంపాడు. నువ్వు పోయిన దగ్గర్నుంచీ ఒళ్లంతా చల్లగానే ఉంది నాకు. ఇవాళే వేడెక్కింది. కోపానికి కూడా సత్తువ కావాలని ఇప్పుడు తెలిసింది.

మార్చి 14

కుడుతూ కుడుతూ పైకే అనుకుంటున్నాను. అప్పటికి సూర్యుడు లేడు. నువ్వు అబద్ధం చెప్పావు. కొలతలివ్వడానికి వచ్చినావిడ ఎవరితోనండీ అని అడిగింది. ప్రాక్టీసు అన్నాను.

మార్చి 18, ఉదయం

నీ పక్క సీటు అమ్మాయి వచ్చింది, కళ్లజోడమ్మాయి. కంప్యూటర్ ఆఫీసుకి తిరిగి ఇచ్చేయాలట. అడగడానికి మొహం చెల్లక గుమ్మంలోనే నిలబడింది. నేనే లోపలికి లాగి కూర్చోబెట్టాను. ఆ పిల్లకి గొప్పగా చెప్పాను, చూడమ్మా, మీ సాఫ్ట్‌వేరే వాణ్ణి పట్టిచ్చింది అని. తెర చూపించాను.

ఆ అమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుంది. పెట్టుకుని మళ్లీ తీసింది. ఆంటీ, మీకొకటి చూపించాలి, తిట్టుకోరు కదా అంది.

నువ్వు రాసిన తప్పుల జాబితా తెరిచింది. యాభై ఏడున్నాయి. చదువుతుంటే నువ్వు మాట్లాడుతున్నట్టే ఉంది. పన్నెండోది: ఇల్లు బొమ్మ చాలా చిన్నది. పరుపు మీద పడ్డ సూదిని కూడా పట్టుకునే మా అమ్మకే ఇది దొరకదు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆ పిల్ల కిందికి జరిపింది. నలభై ఒకటి దగ్గర ఆపింది.

అది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. "సూర్యుడు దాదాపు రెండున్నర నిమిషాలు ముందే అస్తమిస్తున్నాడు. మన లెక్కలో గాలి లేదు. నిజంగా అయితే ఆయన గీత దిగిపోయాక కూడా గాలి వెలుతురుని వంచి మన కంటిదాకా తెస్తుంది. మనకి కనిపిస్తూ ఉంటాడు. దయచేసి సరిచేయండి." కింద మీ ఆఫీసరు జవాబు: "సరదాగా చూసుకునేవాళ్లకి ఇంత కచ్చితం అక్కర్లేదు. తర్వాత చూద్దాం."

నాకు అర్థం కాలేదన్నాను. ఆ పిల్ల నా డబ్బాలోంచి ఒక గుండీ తీసి గిన్నె అడుగున వేసింది. గిన్నె అంచు అడ్డమొచ్చి గుండీ కనపడకుండా పోయేదాకా నన్ను వెనక్కి జరగమంది. జరిగాను. కదలొద్దు ఆంటీ అని మెల్లగా నీళ్లు పోసింది. గుండీ పైకి తేలినట్టు కళ్లకి కనపడింది. కానీ ఉన్నచోటే ఉంది, ఎవరూ కదపలేదు. గాలి కూడా ఇంతే ఆంటీ అంది.

అంటే ఆ రోజు ఎండ ఉందా అని అడిగాను. మబ్బు పట్టకపోతే, దాదాపు పూర్తి సూర్యుడు, నీళ్లమీద, సరిగ్గా కళ్లకెదురుగా అంది. ఆ రోజు మబ్బు లేదు. పొద్దున్నే నీ బట్టలు ఆరేసింది నేనే.

మార్చి 18, మధ్యాహ్నం

కంప్యూటర్ కోర్టు అయ్యేదాకా ఉంచుకోమని చెప్పి ఆ పిల్ల వెళ్లిపోయింది.

ఒంటి కొలత ఎంతో అంతే కత్తిరిస్తే జాకెట్టు పట్టదు. కుట్టుకి వదలాలి, ఊపిరికి వదలాలి. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఆకాశాన్ని కొలిచినంతే కత్తిరించేశారు. నువ్వొక్కదానివే చెప్పావు, వదలండయ్యా అని.

మార్చి 19

మీ మామయ్యకి చెప్పాను. కుర్చీలోంచి లేచిపోయాడు. ఆ పిల్ల రాకపోయుంటే మనకి తెలిసేదా, జడ్జిగారేమైనా గ్రహాల చదువు చదివాడా, నోరు మూసుకుని కూర్చో అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా అన్నాడు. నిజంగానే వంగాడు. వాడు నిన్ను భుజాల మీద మోసినవాడు. నేనేం అనగలను.

మార్చి 21

నువ్వు రాసింది కొట్టేసి నిన్ను గెలిపించడం ఎలాగో నాకు తెలియడం లేదు.

మార్చి 24, సాయంత్రం

చెప్పేశాను.

డ్రైవర్‌ని ఇవాళే దగ్గరగా చూశాను. మీ మామయ్య వయసు ఉంటుంది. చొక్కా కాలరు తిరగేసి కుట్టించుకున్నాడు. నా వైపు చూడలేదు.

మేమిచ్చిన ఫోటో తప్పండీ అన్నాను. ఎవరు చెప్పారమ్మా తప్పని అని జడ్జి అడిగాడు. మా అమ్మాయి అన్నాను. కాగితం తీసి నలభై ఒకటోది చదివాను. రెండుచోట్ల తడబడ్డాను, మళ్లీ మొదలుపెట్టాను.

తర్వాత ఆ డ్రైవర్ వైపు తిరిగి, సూర్యుడున్నాడయ్యా, నీ మాట అబద్ధం కాదు అన్నాను. అప్పుడు తలెత్తాడు. ఉన్నాడు కాబట్టే ఆపాల్సింది, కంటికి సూది కనపడకపోతే నేను మిషను మీంచి కాలు తీసేస్తాను, గుడ్డకే అంత చూసుకుంటానే, నువ్వు ఎదర మనిషి ఉందో లేదో తెలియకుండా ఎలా పోయావు అని అడిగాను.

వాళ్ల లాయర్ చెయ్యి పట్టుకుని ఆపుతున్నా ఆగలేదు. ఆపాల్సిందమ్మా అన్నాడు. వంతెన దిగిపోతే నీడ వస్తుందిలే అనుకున్నాను, బ్రేకు మీద కాలు కూడా పెట్టలేదు అన్నాడు. జడ్జి అది రాయించాడు. తీర్పు తర్వాతట.

ఇంటి మెట్ల దగ్గర మీ మామయ్య, అది అచ్చం నీ పోలికేనక్కా, మొండిది అన్నాడు. అని ఏడ్చాడు.

ఏప్రిల్ 2

కళ్లజోడమ్మాయి కంప్యూటర్ తీసుకెళ్లడానికి వచ్చింది. ఇంకేమైనా తప్పు కనపడిందా ఆంటీ అని మాటవరసకి అడిగింది. ఉంది అన్నాను. పొద్దున మన వీధి మీదికి ఎంత కిందికి దిగితే అంత కిందికి దిగాను. నేల ఉంది కానీ మనుషులు లేరు.

ఆ పిల్ల నవ్వలేదు. నీ జాబితా కింద యాభై ఎనిమిది అని వేసి, నా మాటలే రాసింది. పక్కన, సరిచేయడం కుదరదు అని రాసింది.

పిట్టా, నువ్వున్నచోట కడుపునిండా తిను.