పిట్టలు ముట్టని జొన్న

ఆగస్టు 3

కిటుయి సంతలో మొక్కజొన్న మనుషులకే చాలడం లేదు, కోళ్లకి ఎక్కడిది అంది అమ్మ. తొంభై కోళ్లనూ బేరగాడు ముసెంబికి ఇచ్చేస్తుందట. ఆ తర్వాత నువ్వు మొంబాసా పో, మీ అత్తయ్య ఇంట్లో పనికి మనిషి కావాలంటోంది అని కూడా అంది. గుడ్లు తుడుస్తూ, నా వైపు చూడకుండా.

ఫిబ్రవరిలో కోసిన ఎర్ర జొన్న గాదె నిండా ఉంది. అది పెడదాం అన్నాను, పైకే. ఇంట్లో అందరూ తిరిగి చూశారు.

అమ్మ నెల గడువిచ్చింది. నేను చదువుకున్న కాన్వెంట్ హాస్టల్‌కి రోజుకి రెండు ట్రేలు, అరవై గుడ్లు వెళ్లాలి. తగ్గితే కోళ్లూ నేనూ ఒకే రోజు బయల్దేరతాం.

ఆగస్టు 5

దాణాలో మొక్కజొన్న మొత్తం తీసేశాను. ఎర్ర జొన్న, పొద్దుతిరుగుడు చెక్క, ఎండుచేపల పొడి, సున్నం. సిస్టర్ పెర్పెతువా ఇచ్చిన లైబ్రరీ పుస్తకం ప్రకారం కలిపాను. జొన్న అని ఉంది అందులో. జొన్న జొన్నే కదా.

గుడ్లు 71.

ఆగస్టు 11

64. గింజని ముక్కుతో పట్టుకుని విసిరేస్తున్నాయి.

ఆగస్టు 16

52. రెండో ట్రే నిండలేదు. సిస్టర్ ఖాళీ గుంటలు వేలితో లెక్కపెట్టి, ఒంట్లో బాగుందా అని అడిగింది. నన్నో, కోళ్లనో తెలియలేదు.

ఆగస్టు 19

43.

పిలవకుండానే ముసెంబి వచ్చాడు. గుప్పెడు జొన్న నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. ఏమ్మా పంతులమ్మా, ఆకాశంలో పిట్టలు కూడా ముట్టని గింజ ఇది, మా కోళ్లు ఏం పాపం చేశాయి అన్నాడు.

మా కోళ్లు అన్నాడు. అప్పుడే.

సాయంత్రం 6

నేనూ ఒక గింజ కొరికాను. వగరు. నాలుక ముడుచుకుపోయింది. పుస్తకం చివర చిన్న అక్షరాల్లో టానిన్ అనే వగరు పదార్థం గురించి ఉంది. ముదురు రంగు జొన్నల్లో ఎక్కువట. గుడ్లు తగ్గుతాయట.

ఎర్ర జొన్న వేద్దామన్నది నేనే. తెల్ల జొన్న వేస్తే ఎర్రముక్కు పిట్టలు దండులా వచ్చి పడతాయి. నెల రోజులు మంచె మీద నిలబడి, వడిసెల తిప్పుతూ అరవాలి. నాకు అరవడం రాదు. ప్రార్థనలో కూడా నా గొంతు వినపడదని సిస్టర్లు తిట్టేవారు. అందుకని అమ్మకి దిగుబడి అనీ, పక్షుల బెడద అనీ పెద్ద పెద్ద మాటలు చెప్పాను. చేను దానంతటదే పండింది. గట్టు మీద కూర్చుని నాలుగు నవలలు చదివాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 20

అవ్వకి చెప్పాను.

అవ్వ ఎర్ర జొన్న పులియబెట్టి కల్లు చేస్తుంది. కాన్వెంట్‌లో ఉన్నన్నాళ్లూ ఆ మాట నేను దాచాను. ఇన్నేళ్లకి దొరసానికి నా కుండ కనిపించిందా అని నవ్వింది. పొయ్యి బూడిద జల్లించి నీళ్లలో కలపాలి. తేరిన నీళ్లలో జొన్న రాత్రంతా నానాలి. మూడుసార్లు కడిగి ఎండబెట్టాలి. వగరంతా బూడిద తాగేస్తుంది, నువ్వు భయపడకు, నీకేం పొయ్యనులే అంది.

ఆగస్టు 24

చేతులు పగిలాయి. 38.

ఆగస్టు 28

41. గింజ విసరడం లేదు.

ఆగస్టు 31

49. పొద్దున్నే అమ్మ పొయ్యిలో బూడిద తనే తీసి, జల్లించి పెట్టింది.

సెప్టెంబర్ 3, ఉదయం 7

ముసెంబి బుట్టలతో వచ్చాడు.

ఉదయం 10

57. షెడ్డు మూలమూలా వెతికాను. 57.

ముసెంబి మొదటి కోడిని కాళ్లు పట్టుకుని ఎత్తాడు. నేను వెళ్లి తలుపులో నిలబడ్డాను. జరుగు తల్లీ అన్నాడు. జరగలేదు. దీనికి నోరు లేదు గానీ కాళ్లు పాతేసింది చూశావా అన్నాడు అమ్మతో. గడప మీద నుంచి అవ్వ, మూడు గుడ్ల కోసం పిల్లని పంపేస్తావుటే అంది.

అమ్మ నా చేతుల వైపు చూసింది. ఇలా ఎన్నాళ్లు కడుగుతావు అంది. వచ్చే వానలకి తెల్ల జొన్న వేస్తానంది. మంచె ఎక్కేది నువ్వే, అరవగలవా అంది.

తల ఊపాను.

తల ఊపితే పిట్టలు లేస్తాయా, నోటితో చెప్పు అంది.

అరుస్తాను అన్నాను. వినపడలేదు అన్నాడు ముసెంబి. రెండోసారి చెప్పాను.

కోడిని కింద వదిలాడు. బుట్టలు మాత్రం తీసుకెళ్లలేదు. జనవరిలో పిట్టలు పడ్డాక ఎలాగూ రావాలిగా అని మా గోడకి ఆనించి పోయాడు.

నవంబర్ 14

తెల్ల జొన్న మోకాలెత్తు వచ్చింది. బుట్టలు అక్కడే ఉన్నాయి.

జనవరి 17

గింజ పాలు పోసుకుంది. మంచె కట్టాం. ఎక్కి చూశాను. నోరు తెరిచి, మూసి, దిగాను.

జనవరి 19, ఉదయం 6

తూర్పున నల్లగా లేస్తోంది. మేఘానికి అంత చప్పుడు ఉండదు.

జనవరి 19, సాయంత్రం

చేను ఉంది. గొంతు లేదు. ఇవాళ ఎన్ని గుడ్లే అని అమ్మ దొడ్లోంచి అడిగితే వేళ్లతో చూపించాను.

ముసెంబి బుట్టలో ఒక కోడి పొదుగుతోంది.