రెండో పాపకి వెయ్యని టీకా

విజయనగరం,
17 ఆగస్టు 2025.

ప్రియమైన శాంతికి,

ఈశ్వరి నమస్కారాలు. నువ్వూ, ఏసురాజు అన్నయ్యా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ నెల్లిమర్ల చర్చిలో అడిగి నీ చిరునామా సంపాదించాను. హైదరాబాదులో మనం మాటలు మానుకుని పదకొండేళ్లయింది. చింపెయ్యకుండా చదువుతావని ఆశ.

ముందు నా కబురు. మేనేజరు ఉద్యోగం వదిలేశాను. ఇక్కడ పన్నెండుమందే ఉన్న చిన్న కంపెనీలో మళ్ళీ తప్పులు పట్టే మామూలు టెస్టర్‌గా చేరాను. ఊళ్లలో పిల్లల టీకాలు నమోదు చేసే యాప్ మాది.

ఎందుకు వదిలానంటావా? పోయిన ఏడాది ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, "మేడం, ఇదెలా టెస్ట్ చెయ్యాలో ఒకసారి చేసి చూపిస్తారా?" అని అడిగింది. కుర్చీ జరుపుకుని కూర్చున్నాను గానీ చేతులాడలేదు. పద్నాలుగేళ్లుగా మీటింగుల్లో రంగురంగుల చార్టులు చూపించడమే నా పనైపోయింది. ఆ పిల్ల మర్యాదగా "పర్లేదు మేడం" అని లేచి వెళ్లిపోయింది. ఆ మాట నన్ను వదల్లేదే.

ఇక్కడ మా టీమ్ లీడ్ దేవేంద్ర. ఇరవైతొమ్మిదేళ్లవాడు. నా మొదటి రిపోర్టే తిప్పి పంపేశాడు. "ఏది నొక్కితే ఈ తప్పు వస్తాదో రాయనేదు మేడం. నాకెలా తెలుస్తాది?" అన్నాడు. సిగ్గేసింది. మనం ఎచ్చెర్లలో చదివి, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేర్చుకున్న సంగతే అది! ఆ రోజు నుంచి ఫోను పట్టుకుని అన్నీ స్వయంగా నొక్కి చూడడం మొదలుపెట్టాను. నెట్ పోయినప్పుడు ఏమవుతుంది, తడి చేత్తో నొక్కితే ఏమవుతుంది అని. మెల్లగా చెయ్యి తిరిగింది.

కిందటి నెల చీపురుపల్లి దగ్గర ఒక ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. అక్కడి నర్సు బుల్లమ్మ మా యాప్ వాడి చూస్తోంది. అసిరమ్మ అనే ఆమె నెలన్నర కవల ఆడపిల్లల్ని తెచ్చింది. పెద్దపాపకి సూది వేసి, ఫోనులో నమోదు చేసి, రెండో పాప కోసం చూసి బుల్లమ్మ ఆగిపోయింది.

"అమ్మా, ఇటు సూడండి. సిన్నదానికి నేనింకా సూది ఎయ్యనేదు. ఫోనేమో ఏసీసినట్టు సూపిస్తన్నాది. కవలలంటే దీనికి తెలీదేటి?" అంది.

తల్లి పేరు ఒకటే, పుట్టినరోజు ఒకటే కాబట్టి మా యాప్ ఇద్దర్నీ ఒక్కరుగా లెక్కగట్టింది. బుల్లమ్మ కాగితం రిజిస్టరు చూసి రెండో పాపకీ సూది వేసింది. అది ఏడుస్తుంటే, దాని ఏడుపు విని నాకు ప్రాణం కుదుటపడింది.

ఆ వచ్చే సోమవారమే యాప్ విడుదల. కవలలు ఎందరుంటారు, తర్వాత సరిచేద్దాం, ముందు సరే అని రాసెయ్యండి అన్నాడు మా యజమాని. నేను రాయనన్నాను. అప్పుడు దేవేంద్ర లేచి, "ఆవిడ రాయకపోతే నేనూ రాయను సార్" అన్నాడు. ఎనిమిది రోజులు ఆలస్యమైంది. యజమాని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, అంతే. సరిచేశాక నేనే మళ్ళీ వెళ్లి, బుల్లమ్మ ఎదురుగా ఇద్దరు పాపల పేర్లూ వేరువేరుగా రావడం చూశాను. "ఇప్పుడు బాగున్నాది" అని ఆమె టీ తెప్పించింది.

శాంతీ, చాలా ఏళ్లకి నా పని నాకు నచ్చుతోంది. పొద్దున్నే ఆఫీసుకి నడిచి వెళుతున్నాను. మా ఆయన నన్ను చూసి, పాట కూడా పాడుకుంటన్నావేటే అని నవ్వుతున్నారు.

పిల్లలకి నా ముద్దులు. అన్నయ్యకి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ
ఈశ్వరి

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. అసలు రాయవలసింది ఇది. హైదరాబాదులో, పదకొండేళ్ల కిందటి ఆ విడుదలకి ముందురోజు సాయంత్రం, తప్పుంది ఆపమని నువ్వు పంపిన మెయిల్ నాకు వచ్చింది. రెండుసార్లు చదివాను. విడుదల ఆపితే నాకు చెడ్డపేరని, అంతా సరిగ్గానే ఉందని రాసి ఇచ్చేశాను. మర్నాడు విడుదలయ్యాక సాఫ్ట్‌వేరంతా ఆగిపోతే, శాంతి నాకేమీ చెప్పలేదని అందరి ముందూ అన్నాను. ఆ మెయిల్ నిజంగా పంపానా లేదా అని నీకే అనుమానం వచ్చేదాకా అదే మాట మీద నిలబడ్డాను. నువ్వు తప్పు పట్టుకున్నావు. నేను దాచాను. నీ ఉద్యోగం పోయింది. ఈ సంగతంతా అప్పటి మన డైరెక్టరుకి ఇవాళ రాసి పంపాను. దాని నకలు ఇందులో పెడుతున్నాను. ఎవరికి చూపించాలనిపిస్తే వాళ్లకి చూపించు.